పిన్నిగారి అష్రఫీ

అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అమ్మబోతే కొనే నాథుడు దొరకడని ఇన్నేళ్లుగా క్లాసులో పిల్లలకు అర్థం చెబుతూ వచ్చాను. అడివిలో దొంగలు కూడా ఉంటారన్న సంగతి మా పక్కింటి పిన్నిగారి మూలంగా తెలిసివచ్చింది.

ఆవిడ దగ్గర ఒక అష్రఫీ ఉంది. నిజాం కాలపు బంగారు నాణెం, ఒకవైపు చార్మినార్ బొమ్మ. కీర్తిశేషులు బాబాయిగారి తాతగారు సంపాదించినది. మూడు తరాలుగా కుంకుమ భరిణెలో భద్రంగా ఉంది. చిన్నమ్మాయికి కాలేజీ ఫీజు కట్టవలసివచ్చింది. కరిగిస్తే బంగారం ధర వస్తుంది, నాణెంగా అమ్మితే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి గదా అనుకున్నారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. ఫోటో తీసి, పాతవస్తువులు అమ్ముకునే ఒక ఆన్‌లైన్ అంగట్లో పెట్టారు.

గంట తిరక్కుండా ఫోను. ఎంత మర్యాద, ఎంత వినయం! “అమ్మగారూ, మ్యూజియం కోసం కొంటున్నాం. తొమ్మిది లక్షలు ఇస్తాం” అన్నాడట. బేరమన్నదే లేదు. ముందు రిజిస్ట్రేషనుకని 2,100 రూపాయలు పంపమన్నాడు. మర్నాడు రిజర్వు బ్యాంకు అనుమతికని 18,500. అందుకు మూడు సింహాల ముద్రతో కాగితం కూడా వాట్సాప్‌లో వచ్చింది. ఆ పైన, “అడ్వాన్సు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అన్నాడు. కొట్టారు. అడ్వాన్సు రాలేదు సరికదా, ఖాతాలోంచి 40,000 వెళ్లిపోయాయి. అన్నీ కలిపి 60,600 రూపాయలు. ఫీజు కోసం కూడబెట్టినదంతా అదే.

అయిదు రోజులు ఆవిడ ఎవరితోనూ అనలేదు. “ఇంట్లో చదువుకునే పిల్లను పెట్టుకుని ఇలా మోసపోయానని ఏ మొహంతో చెప్పను నాయనా?” అన్నారు నాతో.

“పిన్నిగారూ, నాణెం బరువెంతో అతను అడిగాడా? రెండోవైపు చూపమన్నాడా?” అన్నాను.

అడగలేదు. ఆ మూడు రోజుల్లోనూ నాణెం గురించి ఒక్క ప్రశ్నయినా వేయలేదు. నాణెం ఇప్పటికీ భరిణెలోనే ఉంది. అతనికి కావలసింది అష్రఫీ కాదు, ఆవిడ బ్యాంకు ఖాతా.

మా కాలేజీలో చరిత్ర చెప్పే మిత్రుడికి నాణేల పిచ్చి. నిజంగా కొనేవాడు ఎలా ఉంటాడో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. అష్రఫీ అనగానే 11 గ్రాముల పైచిలుకు తూగుతుందా అంటాడు. హిజ్రీ సంవత్సరం ఎంత పడిందంటాడు. చార్మినార్ ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, ఏదో చూసి చెప్పమంటాడు. ఇవన్నీ తేలాక బేరమాడి ప్రాణం తీస్తాడు. నా మట్టుకు నేను బేరమాడేవాణ్ణే నమ్ముతాను.

రిజర్వు బ్యాంకు పాత నాణేల బేరాల్లోకి రాదు, వాటిమీద రుసుమూ కమీషనూ వసూలు చెయ్యదు. తమ పేరు చెప్పి ఇలా మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో అదే ప్రకటించింది కూడా. ఇక ఆ పిన్ అన్నది మన డబ్బు ఇతరులకు పంపటానికే. మనకు రావలసిన డబ్బుకు పిన్నుతో పనిలేదు. డబ్బు పంపామంటూ అవతలివాళ్లు చూపే ఫోటోలూ మెసేజీలూ ఎవరైనా తయారు చెయ్యవచ్చు. మన ఖాతా మనం తెరిచి చూసుకుని, జమ పడితేనే పడ్డట్టు.

నిజమైన గిరాకీ వచ్చినా కాస్త కనిపెట్టి ఉండాలి. అసలు నాణెం ఉంచుకుని, “ఇది నకిలీ” అంటూ మరో నాణెం తిప్పి పంపేవాళ్లున్నారు. అందుకని ముందుగానే కంసాలి దగ్గర తూకం వేయించి, రెండువైపులా, అంచూ దగ్గరగా ఫోటోలు తీసి ఉంచాలి. అంగట్లో పెట్టే ఫోటోలో పక్కన మన పేరూ తేదీ రాసిన చీటీ ఉంటే, దాన్ని ఎత్తుకుపోయి ఇంకొకరు తమదిగా చూపటం కష్టం. (మా ఆవిడ చింతపండుతో తోమి ఇస్తానంది. వద్దన్నాను. తోమిన నాణేన్ని సేకర్తలు తక్కువగా చూస్తారు.) విదేశాలకు పంపమని ఎవరన్నా అడిగితే ఆ మాటే పెట్టుకోవద్దు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు; మనబోటివాళ్లు దాన్ని దేశం దాటించకూడదు. మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే పోయాడు గనక ‘మీమ్’ అష్రఫీలన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇక్కడి వర్తకుడైతే పురావస్తువుల లైసెన్సు చూపమనాలి.

ఆ సాయంత్రమే 1930 నంబరుకు ఫోను చేయించాను. ఫిర్యాదు రాసుకున్నారు. వెంటనే చెబితే దొంగ ఖాతాలో సొమ్ము కదలకుండా ఆపే వీలుంటుంది. అయిదు రోజులయ్యేసరికి అది ఎన్ని చేతులు మారిందో! డబ్బు ఇంకా రాలేదు. పిన్నిగారు పోగొట్టుకున్నది అతని మాటల వల్ల కొంతయితే, సిగ్గువల్ల కొంత.

నిన్న మళ్లీ ఒక ఫోను వచ్చిందట. ఆవిడ గోడమీదుగా పిలిచి, “నాయనా, వీడెవడో ద్వారంలో అక్షరం ఏముందని అడుగుతున్నాడు. నీ భూతద్దం ఓసారి ఇస్తావా?” అన్నారు.