గుర్రానికి బాల్యం ఉంది, కన్నమదాసుకి లేదు

94వ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. మిగతా సగం చదవను. "పూర్తిగా చదవకుండా ఎట్లా మాట్లాడతావన్నా" అని ఇద్దరు తమ్ముళ్ళు ఇన్‌బాక్సులో అడిగారు. వాళ్ళ కోసమే ఈ భాగం.

పల్నాటి యుద్ధం మీద హైస్కూలు, ఇంటరు పిల్లల కోసమని వచ్చిన నవల అది. పేరు రాయను. నా గొడవ ఒక్క రచయితతో కాదు, ఇట్లాంటివి ఇంకా వస్తాయి. ఆశపడే కొన్నాను. మన మాచర్ల, మన చంద్రవంక, చెన్నకేశవస్వామి గుడి, కారంపూడి రణభూమి, ఇవన్నీ మన పిల్లలు నవలగా చదువుకుంటారంటే సంతోషం కాదా? ఎన్నాళ్ళని పల్నాడంటే 1966 నాటి రామారావు సినిమా, నాగమ్మగా భానుమతి? కోడిపోరు అధ్యాయం బాగా రాశారు కూడా. కాదనను.

ఇక కన్నమదాసు దగ్గరికి వద్దాం. మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడి సేనాని. 12వ శతాబ్దపు కథలో ఒక మాలవాడు సైన్యాన్ని నడిపాడు. పల్నాడులో ఏ మాలపల్లెకి వెళ్ళి అడిగినా ఆ పేరు చెబుతారు. నవలలో ఆయన 31వ పేజీలో వస్తాడు. నల్లకొండలా ఉన్నాడట. కత్తి పట్టుకుని నాయుడి వెనక నిలబడ్డాడట. నేను చదివినంత మేర ఆయన ఎన్నిసార్లు నోరు తెరిచాడో లెక్కపెట్టాను. పదకొండుసార్లు. అందులో ఎనిమిదిసార్లు "చిత్తం ప్రభూ".

బాలచంద్రుడికి తల్లి ఐతాంబ ఉంది, భార్య మాంచాల ఉంది, బొంగరాల ఆట ఉంది. అవి చాలవన్నట్టు రచయిత ఆయనకి ఒక తెల్లగుర్రాన్ని కల్పించారు. దానికో పేరు, దాని పుట్టుక, దాని అలక. గుర్రం బాల్యానికి రెండు పేజీలు! కన్నమదాసుకి అమ్మ లేదు. ఏ వాడలో పుట్టాడు, ఏ బావి నీళ్ళు తాగాడు, కత్తి పట్టడం ఎవరు నేర్పారు, మాలవాడు ఆజ్ఞ ఇస్తే మొదటిరోజు సైన్యంలో ఎంతమంది కదిలారు? ఒక్కటీ లేదు. అడిగితే "ఆధారాలు లేవండీ" అంటారు. గుర్రానికి ఏ శాసనంలో ఆధారం దొరికిందో చెప్పండి. ఆధారం లేనిచోట ఊహించడానికే కదా నవల! ఎవరి కోసం ఊహించారు, ఎవరి దగ్గరికి వచ్చేసరికి ఊహ ఆగిపోయింది అన్నదే నా ప్రశ్న.

94వ పేజీలో ఏముందో చెబుతాను. చాపకూడు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తిన్న కూడు. నవల రాసేవాళ్ళకి పల్నాటి కథలో ఇంతకన్నా పెద్ద ఘట్టం ఏముంది? వీళ్ళు దాన్ని అన్నదానం చేశారు. నాయుడు దయతో పిలిచాడు, కడజాతివాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఒక ముసలాయన కాళ్ళమీద పడ్డాడు. అధ్యాయం సమాప్తం. పక్కన కూర్చోడానికి మొహం చిట్లించినవాడు ఒక్కడూ లేడా? తిన్నవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఏం మాట్లాడుకున్నారు? చాప చుట్టేశాక ఎవరి దారిన వాళ్ళు ఏ వాడకి పోయారు? బ్రహ్మనాయుణ్ణి తిట్టమని నేను అడగడం లేదు. తిన్నవాడి వైపు నుంచి ఒక్క వాక్యం రాయమంటున్నాను. (నాగమ్మ సంగతి సరేసరి. ఆడది మంత్రాంగం నడిపితే పాత సినిమాలో ఎంత విలనో ఇక్కడా అంతే.)

ముందుమాటలో శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్రకి దండం పెట్టారు. పెట్టుకోండి. ఈ కథని తరతరాలుగా గొంతులో మోసింది వీరవిద్యావంతులు. మాలలు. కార్తీక అమావాస్యకి కారంపూడిలో మొదలయ్యే ఐదురోజుల తిరునాళ్ళు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఇప్పటికీ ఏటా జరుగుతున్నాయి. మందపోరు నాడు చాపకూడు ఇప్పటికీ పెడుతున్నారు. జీన్ రాఘైర్ అనే పరిశోధకుడు అమెరికా నుంచి వచ్చి, అలిశెట్టి గాలెయ్య గారు పాడగా విని, ఆ కథని ఇంగ్లీషు చేసి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి అచ్చువేయించాడు. అంత దూరంవాడికి దొరికిన గాలెయ్య గారు మనవాళ్ళ ముందుమాటలో ఒక్క లైనుకి కూడా దొరకలేదు.

"పిల్లల పుస్తకం, అందులో కులం ఎందుకు" అనేవాళ్ళకి ఒక మాట. ఏ పిల్లల గురించి మాట్లాడుతున్నారు? మా పిల్లలకి కులం నవల చదివితే తెలిసే సంగతి కాదు. మిల్డ్రెడ్ టేలర్ అనే నల్లజాతి రచయిత్రి 1976లో 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' రాసింది. పిల్లల నవలే. బడిలో తెల్లపిల్లలు వాడి వాడి పాడుచేసిన పుస్తకాలు నల్లపిల్లలకి ఇస్తారు. అట్ట లోపల పట్టికలో ఆ సంగతి రాసే ఉంటుంది. ఆరేళ్ళ పిల్లాడు అది చదివి పుస్తకాన్ని నేలకేసి కొట్టి తొక్కుతాడు. ఆ నవలకి అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే పెద్ద బహుమతి న్యూబెరీ వచ్చింది. పిల్లలేం జడుసుకోలేదు. అంతదూరం ఎందుకు, మన పక్క వినుకొండలో పుట్టిన జాషువా 1941లోనే 'గబ్బిలం' రాశారు. అందులో నాయకుడు అంటరానివాడు, నోరున్నవాడు. ఆ తర్వాత ఎనభై ఏళ్ళు దాటినా కన్నమదాసు నోట ఇంకా "చిత్తం ప్రభూ" యేనా?

ఇక సగంలో ఆపేయడం గురించి. చదువు మన ఇళ్ళకి ఆలస్యంగా వచ్చింది. అందుకే అచ్చులో కనబడిందల్లా తలవంచుకుని చివరిదాకా చదవాలనే భయం మనకి ఎక్కువ. నచ్చకపోతే లోపం మనలోనే ఉందనుకుంటాం. హాస్టల్లో ఉండే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆ భయం వదిలేయండి. మన మనిషిని గుర్రం కన్నా తక్కువ చేసిన పుస్తకానికి మన రాత్రులు బాకీ లేవు.

ఈసారి కారంపూడి తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళు సెల్ఫీలతో ఆపకండి. వీరవిద్యావంతుల దగ్గర కూర్చోండి. వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే పాట రికార్డు చేయండి. పాడినవాళ్ళ పేరు రాసుకోండి. వాళ్ళ కష్టానికి డబ్బులివ్వండి. కన్నమదాసు ఘట్టం ఎవరి గొంతులోనైనా పూర్తిగా దొరికితే నాకు చెప్పండి. వచ్చే భాగం దానిమీదే రాస్తాను.

జై భీమ్.