పడవ ర్యాంపు దగ్గర ప్రాణం జాగ్రత్త

బిర్కత్ అల్ అవామిర్‌లో సముద్రం కనిపించదు. కనిపించేవి గోదాములు, లారీ యార్డులు, క్యాంపులు. అయినా ఈ మాట ముందుగా ఇక్కడి తెలుగువాళ్లకే చెప్పాలి. శుక్రవారం వస్తే మనవాళ్లు చాలామంది పట్టే దారి అల్ వక్రా ఒడ్డుకే. ఎండాకాలంలో పగలు బయట నిలబడలేం. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఖతార్ ప్రభుత్వమే నిబంధన పెట్టింది. అందుకే నీళ్ల దగ్గరికి చేరేసరికి చీకటి పడుతుంది. వారమంతా బరువులు మోసిన ఒళ్లు, కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో ఫోను. అలా వెళ్లి పడవలు దించే ర్యాంపు మీద నిలబడతారు. నా భయమంతా అక్కడే.

ప్రభుత్వం కట్టించిన కాంక్రీటు కదా, గట్టిగా ఉంటుందనుకుంటాం. ఆ నమ్మకమే ముంచుతుంది. ర్యాంపును ఒకసారి నిదానంగా చూడండి. పైభాగం తెల్లగా, పొడిగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ ఒక గీత గీసినట్టు రంగు మారి ముదురు ఆకుపచ్చ అవుతుంది. పోటు వచ్చినప్పుడు అక్కడిదాకా నీళ్లెక్కుతాయి, పాటుకు దిగిపోతాయి, నాచు మాత్రం మిగులుతుంది. సబ్బు రుద్దిన బండ మీద కాలు ఆగుతుందా? ఆ ఆకుపచ్చ మీద కూడా అంతే. వాలు ఉంది కాబట్టి జారినవాడు పడ్డచోట ఆగడు, నేరుగా నీళ్లలోకి పోతాడు. పట్టుకుందామంటే అంచున అతుక్కున్న గుల్లలు చేతిని కోసేస్తాయి.

దానికన్నా పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. ర్యాంపు నీళ్ల అడుగున ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. పడవను ట్రైలర్ మీదికి ఎక్కించేటప్పుడు ఇంజను గట్టిగా తిప్పితే, ఆ పంకా ఉరవడికి కాంక్రీటు అంచు కింద ఇసుక లేచిపోతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే అక్కడ గొయ్యి పడుతుంది. మోకాలి లోతే కదా అని నడిచిన మనిషికి తర్వాతి అడుగులో నేల అందదు. చెరువులో ఈత నేర్చుకున్న నిజామాబాద్ కుర్రాడైనా, కాలవలో పెరిగిన కోనసీమ కుర్రాడైనా గుక్క తిప్పుకునే లోపే నీళ్లు మింగేస్తాడు. మునిగేవాడు సినిమాల్లోలా కేకలు పెట్టడు. పక్కనే ఉన్నవాళ్లకు కూడా తెలియకుండా కిందికి పోతాడు.

ట్రైలర్‌తో వెనక్కి వచ్చే బండికి మీరు కనిపించరు. దాని వెనక నిలబడి ఫోటోలు దిగకండి. సాయం చేద్దామని బిగిసిన తాడు పక్కన నిలబడకండి. తెగితే ఎముక విరుగుతుంది. వాయవ్యం నుంచి షమాల్ గాలి లేచిన రోజు, వాతావరణ శాఖ సముద్ర హెచ్చరిక ఇచ్చిన రోజు అసలు ఒడ్డుకే పోవద్దు.

ఇదంతా గల్ఫ్ గొడవ, ఇంటికెళ్తే మన రేవు మనకు కొత్తా అనుకునేవాళ్లున్నారు. వాళ్ల గురించే నాకు ఇంకా దిగులు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర ఫెర్రీ ఘాట్, పవిత్ర సంగమం. హారతి చూద్దామని బయల్దేరిన ఒంగోలువాళ్లు ఎక్కిన ప్రైవేటు పడవకు అనుమతి లేదు. అది బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో, కడుతూ ఉన్న వంతెన స్తంభానికి పడవ తగిలింది. బడి నుంచి ఇంటికొస్తున్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. జనం పడవ ఎక్కే బాధ తప్పించడానికి కడుతున్న వంతెనే ఆ పిల్లల పడవకు అడ్డమైంది. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉన్నప్పుడు, పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఈ మూడూ ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆపదలు కావు. అనుమతి లేని పడవను, వరద మీద ఉన్న నదిలోకి దిగిన బోటును రేవులోనే ఆపి ఉండొచ్చు.

మన ఊళ్లలో రేవును వేలం పాటకు పెడతారు. పాటదారు డబ్బు కడతాడు, పడవ నడుపుతాడు, టికెట్టు వసూలు చేస్తాడు. మెట్టు విరిగితే, ర్యాంపు అంచు కోసుకుపోతే, దీపం ఆరిపోతే ఎవరిని అడగాలి? పంచాయతీ పాటదారును చూపిస్తుంది, పాటదారు ఇంజనీర్లను చూపిస్తాడు. కట్టడానికి నిధులొస్తాయి, శిలాఫలకం లేస్తుంది. మరమ్మతుకు మాత్రం ఫలానా మనిషి బాధ్యుడని ఉండదు. తప్పు ఒక్కరిదే అనను. అధికారులను చేతులెత్తి అడిగేది ఇది: ప్రతి రేవు దగ్గరా బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో రాయించండి. నాచు గీకించండి, దీపం పెట్టించండి, నీళ్లలో అంచు ఎక్కడ ఆగిందో చూపే కర్ర పాతించండి, ఒక తాడూ గాలి ట్యూబూ వేలాడదీయించండి. వీటిలో ఏదీ కోట్ల ఖర్చు కాదు.

సెలవు మీద వెళ్లే తమ్ముళ్లారా, పిల్లలతో పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడగండి. లేదంటే దిగిపోండి. జనం ఎక్కువైతే తర్వాతి పడవకు ఆగండి. సఖినేటిపల్లి–నరసాపురం మధ్య బండ్లను దాటించే పంటు ఎక్కేటప్పుడు బైకు మీద కూర్చుని ర్యాంపు దిగకండి. భార్యాబిడ్డలను ముందు నడిపించి, బండిని చేత్తో నెట్టుకుంటూ వెళ్లండి. నామోషీ అనుకోవద్దు.

ఎవరైనా మునుగుతుంటే మీరు దూకొద్దు. దూకినవాడూ పోయి, ఒక ఇంటికి బదులు రెండిళ్లు ఏడ్చిన సందర్భాలు ఎన్నో. తాడు విసరండి. లేదంటే లుంగీ, తువ్వాలు ముడేసి అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరినా మనిషిని తేలుస్తుంది. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయకండి, పొట్ట నొక్కకండి. ఊపిరి ఆడకపోతే నోట్లో గాలి ఊది, ఛాతీ మధ్యలో నొక్కుతూ ఉండండి. ఇది నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు. ఖతార్‌లోని తెలుగు సంఘాల పెద్దలను బతిమాలుకుంటున్నాను. పండగ వేదికల మీద ఆ ఒక్క పూటకు చోటివ్వండి. క్యాంపుల్లో తెలుగులో ఒక కాగితం అంటించండి.

ఈ శుక్రవారం ఒడ్డుకు వెళ్లేవాళ్లు వెలుతురుండగానే వెళ్లండి, ఒంటరిగా దిగకండి, ఆకుపచ్చ గీత దాటకండి. ఆపద వస్తే ఖతార్‌లో 999, మన దేశంలో 112. వెళ్లేముందే ఈ నంబర్లు ఫోన్లో రాసిపెట్టుకోండి.