నయము కాదన్న తరువాత నొప్పి మాటేమిటి?



కొన్నేళ్ల క్రితము మా సంఘములోని ఒక పెద్దాయనను చూడబోయాము. ఆయన దిండును కడుపుకు అదుముకొని, ముందుకు వంగి కూర్చున్నారు. రాత్రులన్నీ అలాగే గడుస్తున్నాయని భార్య చెప్పారు. క్లోమ గ్రంథిలో కేన్సరు ముదిరింది, ఆపరేషనుకు వీలులేదు. డాక్టరుగారు కరెంటు పెట్టిద్దామంటే కుమారులు వద్దన్నారు. "ఎలాగూ నయము కాదట. ఇంకా ఎందుకు బాధపెట్టడం? మీరేమంటారు అయ్యగారూ?" అన్నారు. మేము ప్రార్థన చేసి, ఓర్చుకొనమని చెప్పి వచ్చాము. నెల తిరగకముందే ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆ నెలలో ఒక్క రాత్రి కూడా వెల్లకిల పడుకోలేకపోయారు.

అది మా తెలియనితనము. తరువాత ఒక డాక్టరుగారి వద్ద తెలుసుకొన్నాము. క్లోమము కడుపు వెనుక, వెన్నెముకకు ముందు ఉంటుంది. దాని వెనుకనే నరముల గుంపు ఒకటి ఉంది. గడ్డ ఆ నరములకు తగిలితే నొప్పి పైకడుపు నుండి వీపులోకి పోతుంది, పడుకుంటే ఎక్కువవుతుంది. అక్కడ కరెంటు పెట్టేది రోగము నయము చేయడానికి కాదు, నొప్పి తగ్గించడానికి. అందుకే రోజులు తక్కువ; కొందరికి ఒక్కరోజే, కొందరికి ఒకటి రెండు వారములు. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ నరముల గుంపుకు ఒక్కసారే 25 గ్రేల మోతాదు ఇచ్చారు. మూడు వారములకు, పరిశీలించినవారిలో సగముమందికి పైగా నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది.

అందరికీ తగ్గదు. కొన్నాళ్లు అలసట, వికారము, విరేచనములు ఉండవచ్చు. గుణము తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారములు పడుతుంది. అంతవరకు డాక్టరు ఇచ్చిన మార్ఫిన్ బిళ్లలు మానకూడదు. ప్రయాణము చేయలేనంత నీరసించినవారికి మందులతోనే ఉపశమనము ఇస్తారు. ఆ నరములకు మత్తు ఇంజెక్షను ఇచ్చే పద్ధతి కూడా ఉంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రిలో నొప్పి ఉపశమనానికి ప్రత్యేక విభాగమే ఉంది.

మీ ఇంట ఇట్టి కష్టము వస్తే డాక్టరుగారిని మూడు మాటలు అడగండి: ఈ కరెంటు రోగానికా, నొప్పికా? ఎన్ని రోజులు? గుణము ఎప్పటికి తెలుస్తుంది?

ఉపశమనము కోరడము అవిశ్వాసము కాదు. మంచి సమరయుడు గాయపడినవానికి ఓర్పును బోధించలేదు, కట్టు కట్టాడు. ఆనాడు మేము ఆ ఇంటిలో చేయవలసినదీ అదే.