పాత సీసాను తోమే ముందు

మన మెట్ట ప్రాంతంలో పాత సీసాలకు కొదువ లేదు. జగ్గయ్యపేటలో గాని, నందిగామలో గాని పాత మిద్దె పడగొట్టినప్పుడు, బావి పూడిక తీసినప్పుడు గోలీసోడా సీసాయో, సిరాబుడ్డియో, ఉబ్బెత్తు అక్షరాలు పోసిన మందు సీసాయో బయటపడడం వింత కాదు. ఒకప్పుడు పిల్లలు వీటిని పీచుమిఠాయికి మార్చుకొనేవారు. ఇప్పుడు వీటిని కోరి సేకరించేవారు ఏర్పడినారు. ఇది సంతోషించదగిన మార్పే. అయితే సేకరించిన ప్రతివారికీ వెంటనే కలిగే కోరిక ఒకటి ఉన్నది: సీసాను తళతళ మెరిపించాలని. ఆ కోరికను గురించి విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు నాలుగు మాటలు విన్నవించదలచాను.

నేలలో దీర్ఘకాలం పడి ఉన్న సీసాకు పట్టే తెల్లని మసక మురికి కాదు. తడి మట్టిలోని నీరు గాజులోని సోడియం వంటి క్షారాలను మెల్లమెల్లగా లాగివేయగా, సిలికా ఎక్కువగా గల పలుచని పొర మిగులుతుంది. ఆ పొరే మసకగాను, ఒక్కొక్కప్పుడు ఇంద్రధనుస్సు రంగులతోను కనిపిస్తుంది. మన ఇళ్ళలో సీసాలో కుంకుడు రసము, గుప్పెడు బియ్యమో సన్న ఇసుకో పోసి గిలకరించే పద్ధతి ఉన్నది. దానితో జిడ్డు వదులుతుంది కాని, మసక వదలదు. గాజు పైపొరను అతి సున్నితంగా అరగదీస్తే తప్ప అది పోదు.

అందుకు సేకర్తలు వాడే యంత్రాన్ని ఆంగ్లంలో టంబ్లర్ అంటారు. మనకు టంబ్లరంటే మంచినీళ్ళ గ్లాసు గనుక దీనిని దొర్లుడు యంత్రమని పిలుచుకుందాము. కొనుక్కోనక్కరలేదు, పాత సామానుతో మనమే కట్టుకోవచ్చును. 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టాన్ని మూరెడు ముక్క కోసి, రెండు వైపులా నీరు కారని మూతలు బిగిస్తే డబ్బా సిద్ధమవుతుంది. సీసా గోడకు తగలకుండా నడుమ నిలిచేటట్లు అడుగున, మూతి వద్ద రబ్బరు పట్లు అమర్చాలి. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున కత్తిరించిన రాగి తీగ ముక్కలను డబ్బాలో సగం వరకు, సీసా లోపల మూడో వంతు వరకు పోయాలి. అవి మునిగేటంత నీరు, కళ్ళద్దాల వారు మెరుగుకు వాడే సీరియం ఆక్సైడ్ పొడి ఒకటి రెండు చెంచాలు చేర్చాలి. రాగి గాజు కన్న మెత్తనిది. మోస్ కాఠిన్య మానంలో రాగి 3, గాజు సుమారు 5.5. అందుచేత రాగి గాజును గీయదు. పొడిని మోసుకొని వచ్చి రుద్దుతుంది.

డబ్బాను రబ్బరు తొడిగిన రెండు ఇనుప దండాల మీద పడుకోబెట్టి, ఒక దండాన్ని మోటారుతో తిప్పాలి. ఇక్కడే భౌతికశాస్త్ర పాఠం ఉన్నది. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు 2 అంగుళాల పుల్లీ, దండానికి 12 అంగుళాల పుల్లీ వేస్తే దండం 240 చుట్లు తిరుగుతుంది. రబ్బరుతో కలిపి దండం లావు 25 మిల్లీమీటర్లయితే డబ్బా ఇంచుమించు 55 చుట్లు తిరుగుతుంది. అది చాలును. వేగం సుమారు 127 చుట్లు దాటితే ముక్కలు డబ్బా గోడకు అంటుకొని తిరుగుతాయి, రాపిడి ఉండదు. మూడు నాలుగు రోజులు తిరిగితే గాని పని పూర్తికాదు. కనుక మోటారుకు ఎర్తు, బెల్టుకు తొడుగు, పొడి కలిపేవారి ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఇంతవరకు చదివి, వెంటనే పని మొదలుపెట్టదలచినవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను మొదటిసారి ఈ యంత్రాన్ని కట్టినప్పుడు మా దాదీమా అత్తరు బుడ్డిని అందులో వేశాను. నాలుగవ నాడు తీస్తే గాజు కొత్త నీటివలె మెరిసింది. కాని దాని భుజం మీద బంగారు రంగుతో ఉర్దూలో వ్రాసి ఉన్న దుకాణం పేరు తుడిచిపెట్టుకొనిపోయింది. ఆ పేరును ఎవరమూ వ్రాసిపెట్టుకోలేదు. అడుగుదామంటే దాదీమా లేదు. ఆ అత్తరు ఏ ఊరి నుండి మా ఇంటికి వచ్చిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని నేనే, శ్రద్ధగా, నాలుగు రోజులు కష్టపడి చెరిపివేశాను.

మన ఊరి బౌద్ధ స్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో పరిశోధించినాడు. అక్కడ దొరికిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనమున్నది. ఆ స్తంభాలను నిలిపిన సిద్ధార్థుడనే శిల్పి పేరు అందులో చెక్కి ఉన్నది. పదిహేడు వందల సంవత్సరాల తరువాత ఒక పనివాని పేరు మనకు తెలుస్తున్నదంటే, ఆ రాతిని నునుపు చేద్దామని ఎవరికీ తోచకపోవడం వల్లనే గదా! సీసా మీది అక్షరాలూ పనివారి గుర్తులే. వాటిని సాన మీద పెట్టే హక్కు మనకు ఎంతవరకు ఉన్నదో ఆలోచించాలి.

అట్లని ఏ సీసానూ ముట్టరాదని నా అభిప్రాయం కాదు. ఒకే రకానివి పది దొరికే సోడా సీసాలను, మందు సీసాలను యంత్రంలో వేయవచ్చును. కాగితపు చీటీ, రంగు, బంగారు పూత, పగులు గల వాటిని వేయరాదు. పురాతన స్థలంలో దొరికినదాన్ని తోమనే రాదు. పురావస్తు శాఖకు తెలుపాలి. నూరేళ్ళు దాటిన వస్తువును 1972 నాటి చట్టం పురావస్తువుగా గుర్తించగలదని కూడా మరువరాదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది: భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థుల చేతనే ఇట్టి యంత్రమొకటి కట్టించండి. దాని పక్కనే ఒక నోటుపుస్తకం ఉంచండి. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, దాని మీద ఏమున్నది అనే మూడు వివరాలు తెలుగులోను, ఉర్దూలోను వ్రాయకుండా ఏ సీసానూ డబ్బాలో వేయరాదని నియమం పెట్టండి. యంత్రానికి అయ్యే ఖర్చు స్వల్పం. పుస్తకానికి అయ్యేది అంతకన్న స్వల్పం. ఆ పుస్తకమే నాడు మా ఇంట ఉండి ఉంటే, మా దాదీమా అత్తరు ఏ దుకాణానిదో ఈ పత్రికలో వ్రాయగలిగి ఉండేవాడిని.