ఆగగలిగినోడిదే ధర

ఫోన్ తీసి ధాన్యం మద్దతు ధర ఎంతో వెతకండి. రెండు సెకన్లలో వచ్చేస్తుంది. 2025-26కి క్వింటా సాధారణ రకం 2369 రూపాయలు, ఏ గ్రేడ్ అయితే 2389. మన గోదావరి లెక్కలో 75 కిలోల బస్తాకి చెప్పుకుంటే, సాధారణ రకం దాదాపు 1777. మా కోరుకొండలో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా ఈ అంకె చెప్పేస్తారు.

మరి అందరికీ తెలిసిన ధర అందరి చేతికీ ఎందుకు రావట్లేదు?

రైతుకి మార్కెట్ సమాచారం లేదు, దళారి మోసం చేస్తున్నాడు, ఒక యాప్ ఉంటే సరిపోతుంది అని చాలామంది అంటుంటారు. నాకు అలా అనిపించదు. చిన్న రైతు దగ్గర లేనిది సమాచారం కాదు, టైము.

ఎలాగో చూడండి. కోరుకొండ రాజమండ్రి నుంచి గోకవరం వెళ్లే దారిలో ఉంటుంది. మెట్ట ప్రాంతం. ధవళేశ్వరం కాలువల కింద ఉన్న డెల్టా వేరు, బోర్లనీ చెరువులనీ ఎత్తిపోతల నీళ్లనీ నమ్ముకున్న మా ఊళ్లు వేరు. కానీ సార్వా కోతలు వచ్చేసరికి అందరిదీ ఒకటే కథ. ఒకప్పుడు వరి కోసి, పనలు చేలోనే ఆరనిచ్చి, కుప్పేసి, తీరిగ్గా నూర్చుకునేవారు. ఇప్పుడు కూలీలు దొరకడం లేదు. కోత మిషన్ పొద్దున్న చేలో దిగితే సాయంత్రానికి ధాన్యం ట్రాక్టర్‌లో ఉంటుంది. పని తొందరగా అవుతుంది గానీ గింజ పచ్చిగా ఉంటుంది. మద్దతు ధరకి కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. అంటే ఆరబెట్టాలి. దానికి జాగా కావాలి, బరకాలు కావాలి, తిరగేయడానికి మనుషులు కావాలి, ఎండ కావాలి. జాగా లేకే కదా, మీరు బైక్ మీద వెళ్తుంటే రోడ్డు మీద సగం దాకా ధాన్యం కనపడేది!

పైన చూస్తే మబ్బు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సరిగ్గా కోతల మధ్యలో వచ్చింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా, కోతలకి ముందే చేలను పడగొట్టింది.

సరిగ్గా ఆ వారాల్లోనే మిషన్ అద్దె కట్టాలి, కూలీలకివ్వాలి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాలి, భూమి యజమానికి కౌలు కొలవాలి. ఊరంతా ఒకేసారి అమ్ముతుంది. లారీలు చాలవు, గోనె సంచులు చాలవు. కొనేవాడికి ఇదంతా బాగా తెలుసు. అందుకే అతను తొందరపడడు.

ఓ లెక్క వేసుకుందాం. పచ్చి ధాన్యం కళ్లం దగ్గరే బస్తా 1500కి అడిగాడనుకోండి. మద్దతు ధరకీ దానికీ తేడా 277. ఎకరాకి 30 బస్తాలు పండితే 8310 రూపాయలు. రెండెకరాల రైతుకి పదహారు వేల పైమాటే. ఇదంతా పది రోజులు ఆగలేకపోవడం ఖరీదు.

ఈ మాటే మా బాబాయి దగ్గర అన్నాను. "ఇంకో పది రోజులు ఆగొచ్చు కదా బాబాయ్?"

"నేను ఆగుతాన్రా. కొట్టాయన ఆగుతాడా? మబ్బు ఆగుద్దా?"

నా దగ్గర జవాబు లేదు.

ఫోన్ వల్ల ఉపయోగం లేదని నేననను. 2024 నవంబరు నుంచి రాష్ట్ర పౌరసరఫరాల శాఖ వాట్సాప్‌లో హాయ్ అని పెడితే ధాన్యం అమ్ముకునే రోజు, సమయం బుక్ చేసుకునే ఏర్పాటు తెచ్చింది. రోజుల తరబడి పడిగాపులు కాసే బదులు ఇది మేలే. కాకపోతే వాట్సాప్ స్లాట్ ఇస్తుంది గానీ ధాన్యం ఆరబెట్టదు కదా.

ఈ టైము గొడవ మన ఊరితో ఆగలేదు. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. దేశంలో ధరలు పెరగకూడదని. మన కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికా దేశాలకి బియ్యం వెళ్తుంది కాబట్టి ఆ నిర్ణయం ఇక్కడా తగిలింది. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేశారు. మంచిదే. కానీ దాళ్వా ధాన్యం మే నెలలోనే అమ్మేసిన చిన్న రైతు దగ్గర అప్పటికి ఏం మిగిలి ఉంటుంది? గేట్లు తెరిచిన రోజున సరుకు ఎవరి గోదాంలో ఉందో, వాళ్లకే లాభం.

అవతలి ఒడ్డున కూడా చిన్న రైతే ఉన్నాడు. హైతీ దేశం 1990ల్లో బియ్యం మీద దిగుమతి సుంకం 3 శాతానికి తగ్గించింది. అమెరికా చౌక బియ్యం వచ్చిపడి అక్కడి వరి రైతులు దెబ్బతిన్నారు. దానికి ఒత్తిడి తెచ్చినందుకు 2010 మార్చిలో బిల్ క్లింటన్ తప్పు ఒప్పుకున్నారు. అప్పటికి పదిహేనేళ్లు దాటిపోయింది. పెద్దవాళ్లకి తప్పు దిద్దుకునే తీరిక ఉంటుంది, రైతుకి ఒక్క పంట పోతే మరుసటి పంటకి పెట్టుబడి ఉండదు.

గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా చేలు ఖాళీగా వదిలేశారు. పంట విరామం అన్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో మళ్లీ అదే మాట వినపడింది.

మరి ఆగే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఊరికో ఆరబెట్టే కళ్లం, ఓ డ్రయ్యర్ ఉంటే వస్తుంది. గోదాంలో ధాన్యం పెట్టి ఆ రసీదు మీద అప్పు తీసుకోవచ్చు. దానికి 2007లోనే కేంద్ర చట్టం ఉంది. కానీ ముప్పై బస్తాల రైతుకి ఆ గోదాం దగ్గర్లో ఉండాలి, అప్పు ఆ వారంలోనే చేతికి రావాలి.

ఇక మీ వంతు. ఇంట్లో వ్యవసాయం ఉంటే, ఈ-క్రాప్ నమోదు, ఈ-కేవైసీ అయ్యాయో లేదో కోతలకి ముందే చూడండి. రైతు సేవా కేంద్రంలో తేమ శాతం చూపించి ఫోటో తీసి పెట్టుకోండి. మిల్లు దగ్గర వేరే అంకె చెబితే అడగడానికి పనికొస్తుంది. ఉద్యోగం చేస్తున్నవాళ్లు సంక్రాంతికి పంపే డబ్బు డిసెంబరు మొదట్లోనే పంపండి. ఆ పది వేలతో మీ నాన్న పది రోజులు ఆగగలరు.

మీది భూమి కౌలుకిచ్చిన కుటుంబం అయితే ఇంకో పని ఉంది. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి సాగు హక్కు పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి. ఒప్పందం 11 నెలలకే, భూమి హక్కుకి ఏ ఇబ్బందీ లేదు. అయినా చాలామంది భయపడి సంతకం పెట్టరు. పత్రం లేకపోతే పంట అతని పేరున ఎక్కదు, కొనుగోలు కేంద్రంలో అతని పేరున అమ్ముకోవడం కష్టం, చివరికి వచ్చిన ధరకే కళ్లం దగ్గర ఇచ్చేయాలి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: "నాన్నా, మన చేను చేసేవాళ్లకి సంతకం పెట్టారా?"