అడ్డపొగకు బిళ్ళ విరుగుడు కాదు



చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని పీల్చే అడ్డపొగ అలవాటు గంజాం జిల్లా తెలుగు కుటుంబాలలో, ముఖ్యంగా వయసు మళ్ళిన స్త్రీలలో, నేటికీ పూర్తిగా పోలేదు. మా మేనత్తకు ఇది యాభై ఏళ్ళనాటి అలవాటు. ఇటీవల ఆమె కుమారుడు పట్నం నుండి ఒక విటమిను బిళ్ళల సీసా పంపాడు. ఫ్రీ రాడికల్స్‌ను హరిస్తుందని దానిపై ముద్రించి ఉన్నది. చుట్ట మానమని నేను మళ్ళీ మొరపెట్టుకొనగా ఆమె, "బిళ్ళ వేసుకుంటున్నాను కదరా, ఇంక చుట్ట నన్నేం చేస్తుంది?" అన్నది. ఆ మాటే నాచేత ఈ లేఖ వ్రాయించినది.

అణువులలో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. జంట తప్పిన ఎలక్ట్రాను గల అణువే ఫ్రీ రాడికల్. అది కుదురుగా ఉండలేక పక్క అణువు నుండి ఎలక్ట్రానును లాక్కుంటుంది. దోపిడికి గురైన అణువు తానే దొంగయి పొరుగువారి మీద పడుతుంది. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఈ వరస మొదలైతే ఒకదాని వెంట ఒకటిగా సాగిపోతుంది. నిలవ నూనె కంపు కొట్టడం కూడ ఇటువంటి చర్యే. డి.ఎన్.ఎ.కు తగిలిన దెబ్బలను దేహం చాలవరకు బాగుచేసుకొంటుంది గాని, మిగిలిపోయిన తప్పులు ఏళ్ళ తరబడి పోగుపడి క్యాన్సరుకు దారి తీయవచ్చు.

అయితే ఇవి కేవలం శత్రువులు కావు. మనం పీల్చే ఆక్సిజనుతో మైటోకాండ్రియాలో శక్తి తయారయేటప్పుడు కొద్దిగా పుడుతూనే ఉంటాయి. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వీటినే ప్రయోగిస్తాయి. అదుపు చేసే ఎంజైములు దేహంలోనే ఉన్నవి. వాటిలో ముఖ్యమైన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ పనిని మెకార్డ్, ఫ్రిడొవిచ్ అనే శాస్త్రజ్ఞులు 1969లో వెల్లడించారు. పొగాకు పొగ ఈ తూకాన్ని చెడగొడుతుంది. ప్రతి దమ్ములోను ఫ్రీ రాడికల్స్ కోటానుకోట్లుగా ఉంటాయి. పొగలోని మరికొన్ని విషాలు తిన్నగా డి.ఎన్.ఎ.కే అంటుకొంటాయి. అడ్డపొగలో నిప్పు వేడి కూడ అంగిలికి తగులుతుంది.

బిళ్ళ కాపాడుతుందేమోనని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. ఫిన్లాండులో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిపిన పరీక్ష ఫలితం 1994లో వెలువడినది. బీటా కెరోటిన్ బిళ్ళలు తీసుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చినది. అమెరికాలో ఇటువంటి మరొక పరీక్షను, హాని కనబడుతున్నదని, 1996లో నడుమనే నిలిపివేశారు. ఆకుకూరలు, పండ్లు తినడం మంచిదే. వైద్యుడు లోటు గుర్తించి ఇచ్చిన విటమిను వేసుకోవలసినదే. పొగతాగేవారు తమంతట తాము కొని మింగే బిళ్ళ సంగతి వేరు.

అడ్డపొగ వలన అంగిలిలో కలిగే మార్పులు మనకు కొత్త సంగతి కావు. పొరుగునున్న శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన నివేదిక 1971లోనే ప్రకటితమైనది. అయినా మనం మేలుకోలేదు.

కనుక దూరాన ఉద్యోగాలు చేసుకొంటున్న బిడ్డలకు నాదొక విన్నపం. పెద్దలకు సీసాలు పంపి బాధ్యత తీరినదనుకోవద్దు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు అమ్మనో అత్తనో వెలుతురులో కూర్చోబెట్టి నోరు చూడండి. తెల్లని మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని, రెండు వారాలకూ మానని పుండు గాని కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించండి. చుట్ట మాన్పించడానికి కొంతకాలం దగ్గర ఉండండి. నిప్పు నోటిలోనే ఉండగా పైన ఎన్ని బిళ్ళలు వేసినా లాభమేమి?

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బరంపురం.