వర్తూరు చెరువు ఎగువన జమ్ము మడుగుల గురించి తీర్మానం

వర్తూరు చెరువు కింది తెలుగు రైతులు, చుట్టుపక్కల నివాసులు కలిసిన సమితి సర్వసభ్య సమావేశంలో ఆమోదించినది.

బెంగళూరు మురుగులో పెద్దభాగం కోరమంగల–చల్లఘట్ట లోయ గుండా బెళ్ళందూరుకు, అక్కడినుంచి వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినిలో పడి హోసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్టకు చేరుతున్నది గనుక, ఇది ఒక్క ఊరి గొడవ కాదని ఈ సమావేశం భావిస్తున్నది. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో బెళ్ళందూరు చెరువులో లేచిన మంటను లోకమంతా చూసింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ కలగజేసుకున్నది, పూడికతీత జరిగింది. మంట, నురుగు కంటికి కనబడేవి గనుక అంత కదలిక వచ్చింది. మురుగుతో కలిసి వచ్చే సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ కనబడవు. అవి బురదలో దిగి కూర్చుంటాయి.

ఆ నీటితోనే మనవాళ్ళు ఆకుకూరలు పండిస్తున్నారు, చెరువు గడ్డినే కోసి పాడి పశువులకు వేస్తున్నారు. ఈ వాక్యం తీసేయాలని కొందరు సభ్యులు కోరారు. ఉంచాలనే సమావేశం నిర్ణయించింది.

చెరువులోకి నీరు దిగే చోట జమ్ము, కిక్కస, తుంగ, వట్టివేరు పెంచి ఆ మడుగుల గుండా నీటిని నడిపించాలన్న ఆలోచనను ఈ సమావేశం స్వాగతిస్తున్నది. అయితే, ఆ మొక్కలు లోహాన్ని మాయం చేస్తాయన్న ప్రచారాన్ని అంగీకరించడం లేదు. లోహం కుళ్ళిపోయే వస్తువు కాదు. మడుగులో నీరు నెమ్మదించినప్పుడు మట్టిరేణువులతోపాటు కొంత అడుగుకు చేరుతుంది. గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారిస్తే, దానితో కలిసి మరికొంత కరగని రూపంలో గట్టిపడుతుంది. వేళ్ళు పట్టుకునేది కొంత. కాడకూ ఆకుకూ ఎక్కేది మామూలుగా తక్కువే. మొక్కను కోయకుండా వదిలేస్తే ఆ కొంచెమూ కుళ్ళి మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది.

జక్కూరు చెరువును ఆదర్శంగా చూపుతున్నారు. మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు అక్కడ మడుగు దాటి చెరువులో పడుతుంది. మంచి ఏర్పాటే, కానీ అది ప్రధానంగా ఇళ్ళ మురుగుకు సరిపోయేది. లోహపు పూత వేసే ప్లేటింగ్ షెడ్ల నీటికి దాన్నే నకలు తీస్తే చాలదు. పీణ్యా కార్ఖానాల నీరు వృషభావతి నదిలో కలిసి బైరమంగల చెరువును ఏం చేసిందో మన కళ్ళముందే ఉన్నది.

కాబట్టి ఈ సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది ఏమనగా:

లోహాలను కార్ఖానా గడప దాటకముందే వేరుచేయాలి. చెరువుల్లోకి, వాగుల్లోకి వదిలే నీటిలో హెక్సావాలెంట్ క్రోమియం, సీసం ఒక్కొక్కటి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదన్న నిబంధన ఇప్పటికే ఉన్నది. కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని అమలుపరచాలి. మడుగు ఉన్నదన్న సాకుతో ఏ పరిశ్రమకూ సడలింపు ఇవ్వరాదు. జమ్ము చివరి వడపోత మాత్రమే.

మడుగులు కట్టేవారు కోతకూ, ఏళ్ళ తరబడి నిర్వహణకూ డబ్బు ముందే కేటాయించాలి. ఈ సమావేశంలో ఎక్కువసేపు చర్చ జరిగింది దీని మీదే. నాటే రోజున ఫొటోలకు కొరత ఉండదు, కొడవలి పట్టే రోజున పద్దు ఉండదు. కోసిన జమ్మును, తీసిన బురదను పరీక్షించి, లోహం హద్దు మీరితే 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారమే తరలించాలి. పశువుల మేతగా, కంపోస్టుగా, వంటచెరకుగా ఎవరికీ ఇవ్వరాదు. మడుగుకు ముందు, తరువాత తీసిన నీటి పరీక్షల ఫలితాలను కన్నడ, తెలుగు, తమిళ భాషల్లో చెరువు కట్టపై బోర్డుమీద రాసి పెట్టాలి.

ఈ తీర్మానం ప్రతులను కాలుష్య నియంత్రణ మండలికి, బెంగళూరు అభివృద్ధి ప్రాధికారానికి, జలమండలికి పంపాలి. పరీక్షల ఫలితాలు వచ్చేవరకు చెరువు పూడికమట్టిని పొలాలకు తోలుకోవద్దని, నీరు దిగేచోట గడ్డి కోయవద్దని సభ్యులను కోరడమైనది.